పందెపు పడవకు పంక్తిభోజనము

మన గృహములలో అన్నము పెట్టుటకు మూడు తీరులు గలవు. అతిథి వచ్చినచో ఆకు వేసి, ప్రక్కన నిలిచి, కొసరి కొసరి వడ్డింతుము. కూలికి వచ్చినవారికి పనియు వేళయు చూచి పెట్టుదుము. ఇంటివారికి పెట్టుటలో లెక్కయే లేదు. ఉన్నది ఉన్నట్లు పంచుకొందుము. ఈ మూడు పంక్తులలో దేనికిని చెందనివారు వారమునకు రెండు మారులు మా యింటి అన్నము తినుచున్నారు. వారు అతిథులు కారు. వచ్చిన క్షణము మొదలు చేతులు బొబ్బలెక్కునట్లు పని చేయుదురు. కూలివారు కారు, ఒక్క కాసైనను పుచ్చుకొనరు. బంధువులు అంతకంటెను కారు. తెరచాప పడవల పందెములలో మా పడవను నడుపుటకై తమంత తాముగా వచ్చువారు వారు. అట్టివారికి గృహిణి యేమి ఋణపడి యున్నది, ఆ ఋణమును ఎట్లు తీర్చవలెను అను విషయమున ఈ తొమ్మిదేండ్లలో మాకు తెలిసినంత సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మేము అమెరికా పడమటి తీరమున, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు తూర్పుగట్టున కాపురముందుము. మావారిది కాకినాడ. చిన్ననాట రేవున తెరచాపలు చూచి పెరిగినవారగుటచే, నీళ్లు కనబడినచోట వారి మనస్సు నిలువదు. ఉద్యోగమున కుదురుకొనిన పిదప ఒక మిత్రునితో కలిసి పాత పందెపు పడవ నొకదానిని కొనిరి. అది జే 105 అను తరగతిది. పదిన్నర మీటర్ల పొడవు గలుగుటచేతనే దానికి ఆ సంఖ్య పేరయినది. దానికి ముందొక తెరచాప, వెనుక నొక పెద్ద తెరచాప. గాలి వెనుకనుండి వీచునపుడు ఎత్తుటకు బుడగవలె నిండు మరియొక తెరచాప. ఒకరిద్దరిచేత ఇది పందెములో పరుగెత్తునది కాదు. చుక్కాని యొకరు, పెద్ద చాప యొకరు, ముందు చాప ఇరువురు, చాపలను పైకెత్తి దింపు మోకులను నడుమ కూర్చుండి చూచువారొకరు, ముంగొసన నొకరు, వారికి సాయముగా మరియొకరు. వెరసి ఏడుగురు కావలెను. వీరు మోకులు లాగుటయే కాదు. పడవ ఒక ప్రక్కకు ఒరిగినపుడు రెండవ ప్రక్క అంచున వరుసగా కూర్చుండి తమ బరువుతో దానిని నిలబెట్టవలెను. అలలు మీదపడినను కదలరాదు.

ఈ అఖాతమున వేసవి మన వేసవి వంటిది కాదు. కాలిఫోర్నియా నడిమి లోయ యెండకు కాగగా అచటి గాలి పైకి లేచును. ఆ చోటు నింపుటకు మహాసముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ అను సందు గుండ లోనికి దూకును. అందుచే జూన్, జూలై మాసములందు మధ్యాహ్నము తిరుగుసరికి గంటకు 20 మొదలు 25 నాటికల్ మైళ్ల వేగముతో గాలి కొట్టుట సామాన్యము. దానితో పొగమంచు దిగును. పోటు తగ్గుచు నీరు సముద్రమునకు పరుగిడు వేళ ఈ గాలి ఎదురైనచో అలలు పొట్టివై, నిలువునా లేచి, పడవను గుద్దును. నీరు ఎండకాలములోను 15 డిగ్రీల సెల్సియసునకు అటునిటుగా నుండును. తడిసినవాని పండ్లు టకటక కొట్టుకొనును. ఇట్టిచోట మూడు నాలుగు గంటలు కూర్చుండుటకు కూలి యిచ్చినను రానివారు కలరు. ఊరక వచ్చువారిని ఏమనవలెను?

పందెములలో జీతము పుచ్చుకొని పడవ నడుపువారును లేకపోలేదు. వర్ల్డ్ సెయిలింగ్ అను అంతర్జాతీయ సంస్థ వేడుకకై నడుపువారిని మొదటి వర్గమనియు, వృత్తిగా నడుపువారిని మూడవ వర్గమనియు విభజించియున్నది. మావారందరు మొదటి వర్గమువారే. ఒకరు బడిపంతులు. ఒకామె ఆసుపత్రిలో రాత్రిపని చేయు నర్సు. ఒకరు వడ్రంగి. ఒక బాలిక కళాశాల విద్యార్థిని. ఒక కుర్రవాడు మన గుంటూరువాడు, కంప్యూటరు పనికై వచ్చినాడు. వీరందరికంటె పెద్దవారు డెబ్బదినాలుగేండ్ల వృద్ధులు. రేవులో యంత్రములు బాగుచేయు పని మాని విశ్రాంతి పుచ్చుకొన్నవారు, భార్యను పోగొట్టుకొన్నవారు. గుంటూరు కుర్రవాడు వారిని తాతగారని పిలువగా ఆ పిలుపే అందరి నోట నిలిచినది. వాడు మమ్ము పిన్నిగారనుటచే మిగిలినవారు అదియే మా పేరనుకొని, నేటికిని పిన్నిగారనియే పిలుచుచున్నారు. వీరితో మావారు చేరగా ఏడుగురు.

పందెమునకు కట్టు రుసుము, చాపల వెల, పడవ మరమ్మతు, తిండి యివన్నియు పడవగలవారివే యనుట అచటి మర్యాద. మన పల్లెలలో ఊడ్పులకును కోతలకును ఒకరి చేనిలో నొకరు బదులు పని చేయునపుడు, ఆనాటి చేనుగలవారే అందరికి అన్నము పెట్టుట యెట్లో ఇదియు నట్లే. అన్నము పలుచనైనచో మరునాడు సాయమునకు మనుష్యులు పలుచనగుదురు. ఎంత వెలగల పడవయైనను ఏడుగురు రానిదే రేవున కట్టివేసిన కొయ్యయే కదా!

ఇక వంట మాట. పడవలో పొయ్యి వెలిగించుటకు వీలులేదు. సర్వము ఇంటనుండియే సాగవలెను. ఒక చేత మోకు పట్టుకొని రెండవ చేత తినగలిగినదే పడవభోజనము. గిన్నె, చెంచా, పలుచని పులుసు, జారు పెరుగు పనికిరావు. మేము చపాతీలలో అల్లము వేసి పొడిగా వేయించిన బంగాళాదుంపకూర పెట్టి, బిగువుగా చుట్టి, మైనపు కాగితములో మడతుము. మనిషికి రెండు, పైన నాలుగు, వెరసి పదునెనిమిది. కారము తినువారివి, తినలేనివారివి వేరుగా నుండుటకై కాగితముపై పెన్సిలుతో పేర్లు వ్రాయుదుము. నూనె ఓడు పదార్థములును, ఘాటు వాసన గలవియు కడుపులో త్రిప్పట గలిగించును. అందుచే గారెలు, వేపుళ్లు ఎంత ప్రియమైనను ఇంటి విందునకే ఉంచుదుము. సముద్రపు త్రిప్పటకు అల్లము మంచిది. అల్లపు మురబ్బా ముక్కలు చిన్న డబ్బాలో పోసి పంపగా, పందెము మొదలగుటకు ముందే అందరును ఒక్కొక్కటి నోట వేసికొందురు.

అన్నిటికంటె పేరు తెచ్చినవి మన సున్నుండలు. మినుములు కమ్మగా వేయించి, విసరి, బెల్లము, నేయి కలిపి నిమ్మకాయంత ఉండలు కట్టి, ఒక్కొక్కరి కోటుజేబులో రెండు వేయుదుము. చలిలో బలము నిచ్చుటకును, ఒక్క చేత తినుటకును, నాలుగు దినములు నిలువయుండుటకును వీనికి సాటి లేదు. వేరుసెనగ ఉండలు చవుకయు, సులభమును; కాని ఆ దేశమున వేరుసెనగ సరిపడక ప్రాణాపాయము వచ్చువారు కలరు గనుక, క్రొత్తవారెవరు వచ్చినను మొదట నమస్కారము, తరువాత “మీకు సరిపడని పదార్థమేది?” అను ప్రశ్న. నడినీటిలో వైద్యుడు దొరకడు గదా.

నీరు మనిషికి లీటరున్నర పంపుదుము. ఏడుగురికి పదిలీటర్ల పైన, అనగా పదికిలోల పైన బరువు. పందెపు పడవవారు చెంచా బరువును సైతము లెక్కింతురు. మావారు సీసాలు సగము చేయుమనిరి. మేము ఒప్పుకొనలేదు. దాహమున్న చేతులకు పట్టు తప్పునని తాతగారు మా పక్షము వహించుటచే ఆ తగవు తీరినది. రెండు లీటర్ల ప్లాస్కులో మిరియాల చారు పోసి, చాపలు దింపిన పిదప మాత్రమే మూత తీయవలెనని ఆన పెట్టితిమి. అచటివారు పందెము ముగియగానే బీరు త్రాగుట వాడుక. మా పడవలో మొదట చారు, తరువాతనే వారి వారి యిష్టము. పొగమంచులో వణకుచు తిరిగి వచ్చువారికి ఆ చారు గొంతు దిగునపుడు కలుగు సుఖమును వారి మొగములలో చూడవలెను.

అరటిపండు కథ యొకటి చెప్పవలసియున్నది. మనకు అరటిపండు లేని శుభకార్యము లేదు. నావికులకో, అరటిపండు పడవ నెక్కుట అపశకునము. గుంటూరు కుర్రవాని తల్లిగారు కుమారుని చూడవచ్చి, పందెమునాడు మంచి అరటిపండ్ల అత్తమొకటి పట్టుకొని రేవునకు వచ్చిరి. తాతగారు రెండు చేతులతో అందుకొని, తలవంచి, దానిని రేవు బల్లపైననే భద్రముగా నుంచి, సంగతి విన్నవించిరి. ఆమె నవ్వి, “మా వైపు ఇవి లేనిదే పూజ జరుగదు బాబూ! దేవుడొక్కడే గాని, పండ్లు మాత్రము ఒక్కొక్క రేవున ఒక్కొక్కటి కాబోలు” అనిరి. ఆనాడు పందెము ముగిసిన పిమ్మట ఏడుగురును గట్టున నిలిచి ఆ అత్తము నంతయు తినివేసిరి. పెట్టువారి మనసును నిలిచెను. తినువారి నమ్మకమును నిలిచెను.

నావికుల తిండి చిన్న విషయము కాదు. 1747వ సంవత్సరమున జేమ్స్ లిండ్ అను వైద్యుడు సాలిస్బరీ అను ఆంగ్లేయ యుద్ధనౌకపై స్కర్వీ రోగులు పన్నిద్దరిని ఇద్దరిద్దరి చొప్పున విభజించి, జంటకొక తీరు పథ్యము పెట్టి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దరే త్వరగా కోలుకొనిరి. అయినను నిమ్మరసమును నావికులకు నియమముగా ఇచ్చుట 1795 వరకు ఆంగ్ల నౌకాదళమున స్థిరపడలేదు. ఎందరి ప్రాణములో ఆ నడుమ పోయినవి! భూప్రదక్షిణ పందెములు వచ్చిన పిదప, బరువు తగ్గించుటకై నీరు పిండి యెండబెట్టిన పొడి భోజనములు ఆచారమైనవి. కాని 1973-74లో జరిగిన మొదటి విట్‌బ్రెడ్ పందెమును గెలిచిన మెక్సికో దేశీయుడు రామోన్ కార్లిన్, తన సయూలా అను నౌకలోనివారికి తిండికి లోటు రానీయలేదని నేటికిని నావికులు చెప్పుకొందురు.

స్త్రీలమైన మనము తెలిసికొనదగిన పేరు మరియొకటి కలదు. ట్రేసీ ఎడ్వర్డ్స్ అను ఆంగ్లవనిత 1985-86 నాటి అదే పందెమున ఒక నౌకలో వంటమనిషిగా పోయెను. ఆడువారికి పందెపు నౌకలలో ఆనాడు దొరకిన తావు తరచుగా వంటయింటి తావే. ఆమె అంతటితో ఆగక, పాత నౌక నొకదానిని సంపాదించి మెయిడెన్ అని పేరిడి, 1989-90 నాటి పందెమున స్త్రీలనే కూర్చుకొని తానే నాయకురాలై భూమిని చుట్టివచ్చెను. తమ తరగతిలో రెండు ఘట్టములు గెలిచిరి. మన దేశమున 2017 సెప్టెంబరు 10వ తేదీని ఆరుగురు నౌకాదళ స్త్రీలు తారిణి అను తెరచాప నౌకపై గోవా విడిచి, భూమిని చుట్టి, 2018 మే 21వ తేదీని తిరిగివచ్చిరి. వారిలో పాతర్లపల్లి స్వాతిగారు విశాఖపట్టణమువారు, బొడ్డపాటి ఐశ్వర్యగారు హైదరాబాదువారు. అది పందెము కాదు. కాని నౌకలో ఆరుగురే యగుటచే చుక్కానియు వంటయు రెండును వారి చేతులలోనివే.

ఈ మాటకును మా పడవకును సంబంధము గలదు. మా విద్యార్థిని మా యొద్దకు రాకముందు వేరొక పడవలో ఒక వేసవి పనిచేసెనట. అచట ఆ పిల్లకు మోకు నేర్పుదుమని చెప్పి, పందెము నడచుచున్నంతసేపు తడిసిన చాపలు మడచుటకును, తిండిపొట్లములు అందించుటకును క్రిందిగదిలోనికే పంపుచుండిరట. “తిండి అందించుట నాకు చిన్నతనము కాదు పిన్నిగారూ; కాని అది నాకొక్కదానికే పనియగుట చిన్నతనము” అని మా భోజనబల్ల వద్ద ఆ పిల్ల చెప్పెను. ఆనాటినుండి మా పడవలో తిండిసంచి వంతులవారీగా తిరుగును. చుక్కాని పట్టువారికి సైతము వంతు తప్పదు. మావారు తమ వంతు వచ్చినపుడు చుక్కాని మరియొకరికిచ్చి పొట్లములు పంచుదురు. ఆ కొద్ది నిమిషములలోనే బడిపంతులును, నర్సును చుక్కాని పట్ట నేర్చిరి.

శనివారపు పందెము ముగిసిన రాత్రి అందరును మా యింటికి వత్తురు. అన్నము, ముద్దపప్పు, ఒక కూర, మజ్జిగపులుసు, పెరుగు. తాతగారు చేతితో కలుపుకొని తినుట నేర్చి, ముద్దపప్పులో నేయి తామే అడిగి వేయించుకొనుచుండిరి. భార్య పోయిన పిదప వారమంతయు ఒంటరిగా తిను మనుష్యునికి ఆ రాత్రి భోజనము ఎట్టిదో మాకు తెలియును.

రెండేండ్ల క్రిందట వారి కుడిభుజమునకు శస్త్రచికిత్స జరిగినది. ఇకమీదట మోకు లాగరాదని వైద్యులు చెప్పిరి. పడవ నడుమ కూర్చుండి మోకులు చూచువారు వారే. పడవలో తావులు ఏడే. చేయి లేవని మనిషిని ఆ తావున ఉంచినచో పందెము పోవుటయే గాక, గట్టిగాలిలో తక్కినవారికిని అపాయము. ఈ మాట వారికి చెప్పవలసిన అవసరమే రాలేదు. వారే రేవునకు వచ్చుట మానిరి. అంతటితో పోక, శనివారపు భోజనమునకును మానిరి. కబురు పంపగా, “పనిచేయని చేతితో మీ యన్నము ఎట్లు ముట్టుదును?” అని బదులు వచ్చెను. మావారు వేడుకకైనను పడవ యెక్కి కూర్చుండుమని బ్రతిమాలిరి. “ఊరక కూర్చున్నవాడు ఇసుకమూటతో సమానము” అనిరి.

మూడు శనివారములు వారి కంచము లేకయే పంక్తి సాగెను. ఎవరికిని నోట మాట లేదు. అతిథియైనచో పిలిచి తేవచ్చును. బంధువైనచో కోపగించి తేవచ్చును. పనికి బదులుగా మాత్రమే అన్నము తినువానిని పని పోయిన పిదప ఎట్లు పిలుతుము? మేము చారుప్లాస్కు చేత పట్టుకొని వారి యింటికే పోయితిమి. వారు త్రాగి, కొంతసేపు ఊరకుండి, “నా తావున ఎవరిని పెట్టినారు?” అని యడిగిరి. ఎవరిని పెట్టలేదంటిమి. అంతట వారు, “అయిదేండ్లుగా ఆదివారపు ఉదయములందు గాలి లేనపుడు మీకు ఆ మోకులన్నియు నేర్పినది నేనే కదా. ఏ మోకు ఏ చాపదో కన్నులు మూసికొని చెప్పగలరు. గరిటె నాకిండు, మోకు మీరు పుచ్చుకొనుడు” అనిరి.

ఇది హాస్యమని మొదట అనుకొంటిమి. మావారు కొంత వెనుకాడిరి; పందెములలో మూడవ స్థానమునకు పైకి పోవలెనని ఎన్నాళ్లుగానో వారి యాశ. రెండు దినములు ఇంట మాటలు తగ్గినవి. తుదకు వారే, “మనుష్యులు మిగిలినచో స్థానములు ఎన్నడైనను వచ్చును” అని ఒప్పుకొనిరి. మరుసటి శనివారము తాతగారు ఉదయముననే మా వంటింటికి వచ్చి, ఎడమచేత చపాతీలు చుట్టి, పేర్లు వ్రాసి, సంచి రేవునకు తెచ్చిరి. మా పేరు వ్రాసిన పొట్లము మేము తినుట అదియే మొదలు.

ఆ యేడు మా పడవ వెనుకటి యేటికంటె రెండు స్థానములు క్రిందికి దిగినది. దాచవలసిన పని లేదు. మా చేతులకు వారి చేతుల నేర్పు ఒక్క వేసవిలో రాదు. కాని ఎనిమిదవ కంచము మరల పంక్తిలో పడినది. పడవనుండి చూచిన పిదప వంట సంగతి మాకు మరికొంత తెలిసినది. చలికి కొయ్యబారిన వ్రేళ్లతో కాగితపు మడత విప్పుట ఎంత కష్టమో అచట గాని తెలియదు. ఇప్పుడు కాగితపు అంచున పట్టుటకొక తోక విడుతుము. సున్నుండ కుడిజేబులో కాక ఎడమజేబులో నుండవలెను. కుడిచేయి ఎప్పుడును మోకుపైననే యుండును. తాతగారి చారులో మిరియాలు మా పాలుకంటె కొంచెము హెచ్చు. గోల్డెన్ గేట్ వైపునుండి వచ్చు గాలికి ఆ హెచ్చే సరియైన పాలని అందరును తీర్పు చెప్పిరి.

సోదరీమణులారా! మీలో పడవ నడుపువారు ఏ కొందరో యుందురు. కాని కూలి లేని పనివారు ఎవరి యింటికి రారు? పెండ్లిపందిటిలో నీళ్లు మోయు ఇరుగుపొరుగువారు, వరదలనాడు పొట్లములు కట్టు కుర్రవారు, ఉత్సవములలో వడ్డనకు నిలుచు పిల్లలు, వీరందరును ఆ పంక్తివారే. వారికి వేళకు పెట్టుడు. సరిపడనిదేదో అడిగి పెట్టుడు. వారి నమ్మకమును నవ్వక పెట్టుడు. వారితో కూర్చుండి మీరును తినుడు. వారిలో నెవరికైనను చేతనైన పని చేతకాకపోయిన దినమున, అన్నమును మాత్రమే కాదు, చేయదగిన మరియొక పనిని వెదకి వారి చేతికిండు. దయతో పెట్టిన ముద్దకంటె, వంతుగా వచ్చిన ముద్ద మానవంతులకు సులభముగా గొంతు దిగును.